పాత జీపు: మరమ్మతా, ముస్తాబా?

రామచంద్రపురము చుట్టుపట్ల గ్రామములలో కళ్లము ప్రక్కనో, కొబ్బరితోట నీడనో, పశువుల సావిడి చివరనో పాత జీపు నిలిచియుండుట అచ్చటచ్చట కానవచ్చును. తండ్రుల కాలమున కొన్న బండి అది. టైర్లు నేల కరచినవి. రేకు త్రుప్పు పట్టినది. సీటు క్రింద కోళ్లు పొదుగుచున్నవి. ఇటీవల యువకులకు ఈ బండ్లపై మరల మక్కువ పుట్టినది. పాతవస్తువును పారవేయక బాగుచేసికొందమను బుద్ధి మంచిదే. కాని ఆ మక్కువ త్రొక్కుచున్న దారిని చూడగా, సంఘసభ్యులకు కొన్ని మాటలు చెప్పవలసియున్నదని మాకు తోచినది.

మా అభిప్రాయమును ముందుగనే తెల్పెదము. పాత జీపును బాగుచేసికొనుట రైతునకు తగిన పనియే. దానిని ఇంటియొద్ద, తన చేతులతో చేసికొనుట మరింత మేలు. అయితే ఆ పని క్రిందినుండి పైకి రావలెను గాని, పైనుండి క్రిందికి పోరాదు. అనగా ఛాసిస్, బ్రేకులు, స్టీరింగు మొదట, ఇంజను, గేర్లు తరువాత, రంగు కట్టకడపట. దీనికై వెచ్చించు సొమ్ములో పంట అప్పునకు చెందిన రూపాయి ఒక్కటియైనను ఉండరాదు. ఈ రెండు నియమములును పాటింపనిచో అది మరమ్మతు గాదు, ముస్తాబు. ముస్తాబు చేసిన బండి సంక్రాంతి నాడు వీధిలో మెరయును. వర్షాకాలమున కాలువగట్టు మీద ప్రాణము తీయును.

ఈ బండి యెట్టిదో కొంచెము తెలిసికొన్నచో తక్కిన మాటలు సులభముగా బోధపడును. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము కొరకు విల్లీసు, ఫోర్డు కంపెనీలు 1941 మొదలు 1945 వరకు ఇట్టి బండ్లను ఆరు లక్షలకు పైగా తయారుచేసినవి. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 80 అంగుళములు మాత్రమే; ఇంజనునకు నాలుగు సిలిండర్లు, 60 గుర్రముల బలము. నాలుగు చక్రములను ఇంజనుతో త్రిప్పగలుగుటయే దాని ప్రత్యేకత. యుద్ధము ముగిసిన 1945లోనే విల్లీసువారు దానిని పౌరుల బండిగా మార్చి, నాగలి లాగును, యంత్రములను త్రిప్పును, సరకు మోయును అని రైతులకు అమ్మజూచిరి. మనదేశమున 1945లో ఏర్పడిన మహీంద్రా కంపెనీ 1947 నుండి విడిభాగములు తెప్పించి విల్లీసు జీపులను కూర్ప నారంభించినది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన పిమ్మట, బ్లాకు అధికారుల జీపు పల్లెల పిల్లలు వెంటబడి పరుగెత్తు బండి అయినది. అది రైతుల ఇండ్లకు చేరినది అటు తరువాతనే.

అమెరికా మెట్టభూములలో జీపు నాగలి లాగినదని విని మన దమ్ముచేలోనికి దింపబోకుడు. ట్రాక్టరునకు దమ్ముచక్రములు గలవు. మెల్లగా బరువు లాగుటకే దాని ఇంజను, గేర్లు అమరియున్నవి. సన్నని టైర్లపై నిలిచిన జీపు మన నల్లరేగడిలో ఇరుసు వరకు దిగబడును. జీపు చేయవలసిన పని వేరు. వాన వెలిసిన వెంటనే పుంతదారిని పోయి చేను చూచి వచ్చుట, విత్తనముల బస్తాలు, ఎరువుల బస్తాలు, కొబ్బరికాయలు చేరవేయుట, తుపాను మరునాడు ఇతర బండ్లు కదలని దారిని రోగిని ఆస్పత్రికి చేర్చుట. 1986 ఆగస్టు నాటి గోదావరి వరదను, 1996 నవంబరు 6వ తేదీ నాటి తుపానును ఎరిగిన పెద్దలకు అట్టి బండి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ యక్కరకు వచ్చునట్లు బాగుచేయుటయే మరమ్మతు.

పనికి పూనుకొనుటకు ముందు బండి బాగుచేయుటకు తగియున్నదా లేదా అని చూడవలెను. ఎద్దును కొనునపుడు మనము కొమ్ములకు పూసిన రంగు చూచి కొనము. పండ్లు చూతుము, గిట్టలు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. జీపును సయితము అట్లే క్రింద పండుకొని చూడవలెను. చిన్న సుత్తితో ఛాసిస్‌ను పొడవునా తట్టుచు రండు. మంచి యినుము గణగణమనును. లోన త్రుప్పు తిన్నచోట శబ్దము మొద్దుబారును. అచ్చట స్క్రూడ్రైవరు మొనతో పొడిచినచో పొరలు రాలును. వెనుక అడ్డపట్టీయు, నేలరేకు క్రింది బోలు పట్టీలును ముందు చెడు తావులు. మన బంకమన్ను వానిలో దూరి, ఎండకాలమునను చెమ్మ విడువక ఇనుమును తినివేయును. సముద్రపు గాలి తగులు గ్రామములలో ఈ చేటు మరియు శీఘ్రముగ జరుగును.

రేకు చెడిన క్రొత్త రేకు వేయవచ్చును. ఇంజను చెడిన విప్పి బాగుచేయవచ్చును. కాని ఛాసిస్ పలుచోట్ల తినిపోయినను, నడుమ కోసి అతికినట్లు కనిపించినను, ఛాసిస్ మీది అంకెలును కాగితములలోని అంకెలును సరిపడకున్నను, ఆ బండి యెంత ముద్దు వచ్చినను విడిచిపెట్టవలెనని మా సలహా. అన్ని పాతబండ్లును బాగుచేయదగినవే యని మేము చెప్పుట లేదు. విడిచిపెట్టవలసిన దానిని మొదటి వారమున విడిచినవాడు లాభపడినవాడే.

ఇక కాగితముల మాట. మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతబండి రిజిస్ట్రేషను 15 ఏండ్ల వరకు చెల్లును. పిమ్మట బండిని చూపించి 5 ఏండ్ల కొకసారి పునరుద్ధరించుకొనవలెను. ప్రభుత్వశాఖల బండ్లకు 2023 ఏప్రిలు 1వ తేదీ నుండి నియమము వేరు. 15 ఏండ్లు దాటినవానికి రిజిస్ట్రేషను లేదు. వానిని తుక్కుగా మార్చవలసినదే. కనుక వేలము జీపు చౌకగా వచ్చినదని యెవరైన ఆశ చూపినచో, అది రోడ్డెక్కునో లేదో మొదట విచారింపుడు. 2021లో 50 ఏండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమములు వచ్చినవి. దానికి 20,000 రూపాయల రుసుము. బండి పూర్వరూపము మారకుండవలెను. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతు మొదలగు అవసరములకు తప్ప నిత్యము రోడ్డుపై నడుపరాదు. ఎరువుల బస్తాలు మోయదలచిన రైతున కది తగదు. అట్టివాడు మామూలు రిజిస్ట్రేషనునే కాపాడుకొనవలెను. తయారుచేసినవారి కొలతలకు భిన్నముగ బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. బండిని ఎత్తుచేసి, వెడల్పు టైర్లు తగిలించి, కప్పు కోసి, ముందు ఇనుపకమ్ములు బిగించి వేలకొలది వెచ్చించువారు ఈ సంగతి గుర్తెరుగవలెను.

మార్పులలోని అపాయము చట్టముతో ముగియదు. జీపు నాలుగు చక్రముల యేర్పాటు గూర్చి సరిగా తెలియకపోవుటచే పెక్కు బండ్లు చెడినవి. ముందు ఇరుసును కలుపు కడ్డీని వేసినపుడు ముందు షాఫ్టును వెనుక షాఫ్టును ఒకే వేగమున తిరుగును. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు పెద్ద చుట్టును, వెనుక చక్రములు చిన్న చుట్టును తిరుగవలెను. బురదలో చక్రము కొంత జారి ఆ తేడాను సరిపుచ్చుకొనును. తారురోడ్డుపై జారుటకు వీలులేనందున ఆ బిగువంతయు గేరుపండ్ల మీదను, షాఫ్టు జాయింట్ల మీదను పడును. కావున బురదలోను, ఇసుకలోను మాత్రమే ముందు ఇరుసును కలుపవలెను. గట్టిరోడ్డు ఎక్కగనే విడదీయవలెను. నాలుగు టైర్లును ఒకే కొలతవియై, ఇంచుమించు ఒకే అరుగుదల గలవై యుండవలెను. ముందు పాతవి, వెనుక పెద్దవి వేసినవాడు తిన్నని దారిలో సయితము ఆ బిగువును తెచ్చిపెట్టుకొన్నవాడగును.

బ్రేకుల విషయము అన్నిటికంటె ముఖ్యము. ఈ పాత జీపులలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే మాస్టరు సిలిండరు, ఒకే నూనెదారి. ఎచ్చట ఒక గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారి పోవును. మన దారులకు ఒకప్రక్క కాలువ, వేరొకప్రక్క చేను. బ్రేకు తప్పిన బండి యెటు పోవునో వేరుగా చెప్పనేల? కావున మాస్టరు సిలిండరు, చక్రముల సిలిండర్లు, రబ్బరు గొట్టములు, ఇనుప గొట్టములు అన్నియు క్రొత్తవి వేయుట ఖర్చు గాదు, భీమా. బ్రేకునూనె గాలిలోని చెమ్మను పీల్చుకొనును. చెమ్మ చేరిన నూనె వేడికి పొంగి పెడలు మెత్తబడును, లోపలి గొట్టములు త్రుప్పు పట్టును. మన తేమగాలిలో రెండేండ్ల కొకసారియైన దానిని మార్చవలెను. చేతిబ్రేకు ఈ జీపులలో చక్రములకు గాక వెనుక షాఫ్టు మొదట నుండును. అచ్చటి సీలు కారినచో నూనె బ్రేకుపై పడి అది పట్టదు. పాత బ్రేకుపట్టీలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ దుమ్మును ఊదరాదు, గాలిగొట్టముతో విసరరాదు, తడిగుడ్డతో తుడిచి పాతిపెట్టవలెను.

ఇంజను చాలకాలము నిలిచిపోయి బిగిసియున్నచో త్రాడుకట్టి ట్రాక్టరుతో లాగించు వాడుక కలదు. అది కూడని పని. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొంచెము నూనె పోసి, రెండుమూడు దినములు నానబెట్టి, హ్యాండిలుతో మెల్లగా ఇటునటు కదలింపవలెను. హ్యాండిలు పట్టునపుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుండవలెను. ఇంజను వెనుకకు తన్నినచో విడిగానున్న బొటనవ్రేలు విరుగును. తరువాత ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని మీటరుతో కొలిచి వ్రాసికొనుడు. నాలుగును ఇంచుమించు సమానముగ నున్నచో ఇంజను పూర్తిగా విప్పనక్కర యుండకపోవచ్చును. ఒకటి రెండు మిక్కిలి తగ్గియున్నచో వాల్వులో, రింగులో చూడవలసియుండును. గేరుపెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనుక ఇరుసుల నూనెలు పాలవలె తెల్లబడియున్నచో వానిలో నీరు చేరినదని యర్థము. వరదలో మునిగిన బండికి ఈ నాలుగు నూనెలు మార్చక నడిపినచో బేరింగులు కొలది కాలములోనే పోవును.

పెట్రోలు జీపు గలవారికి క్రొత్తగా వచ్చిన చిక్కొకటి కలదు. దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపు లక్ష్యమును 2025లో చేరితిమి. ఆ ఎథనాలు చెరకునుండియు, మొక్కజొన్ననుండియు, నూకలనుండియు వచ్చునదే గావున రైతునకు దానిపై కోపము తగదు. కాని పాతజీపులోని రబ్బరు గొట్టములును, పెట్రోలు పంపు డయాఫ్రమును, కార్బురేటరు వాషర్లును దాని కొరకు చేసినవి కావు; అవి ఉబ్బి, మెత్తబడి, కారును. ఎథనాలు నీటిని సయితము పీల్చును. నెలల తరబడి కదలని బండిలో నీరు అడుగున చేరి ట్యాంకు త్రుప్పు పట్టును. ఎథనాలుకు తాళు గొట్టములు, డయాఫ్రము వేయుడు. బండిని వారమున కొకసారియైన నడుపుడు. ఈ జీపులలో ట్యాంకు డ్రైవరు సీటు క్రిందనే యుండునని మరువకుడు. దానిని విప్పి దూరముగా పెట్టనిదే నేలరేకునకు వెల్డింగు చేయింపరాదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె అపాయకరము. అందలి ఆవిరి ఒక్క నిప్పురవ్వకు ప్రేలును.

ఈ పనికి మన ప్రాంతమున తగిన కాలము దాళ్వా కోతల తరువాత కాలువలు కట్టివేసిన వేసవి. గాలిలో తేమ తక్కువ, చేతికి తీరిక యెక్కువ. జూనులో కాలువలకు నీరు వదలినపిమ్మట నారుమడి పిలుచును, జీపు ఆగవలసినదే. ఒక వేసవిలో పూర్తికాకున్నచో రెండవ వేసవికి ఉంచుకొనుడు. విప్పిన ప్రతి భాగమును డబ్బాలో పెట్టి చీటి అంటింపుడు. విప్పుటకు ముందు ఫొటో తీసికొనుడు. మెత్తని నేలపై జాకీ దిగబడును గావున దానిక్రింద మందపు పలక వేయవలెను. ఇటుకలపై నిలిపిన బండి క్రింద ఎవడును దూరరాదు. ఇటుక చెప్పకుండ పగులును. ఇనుప స్టాండ్లు వాడుడు.

అన్నియు ఇంటనే చేయవలెనని మేము పట్టుబట్టుట లేదు. సిలిండర్లు తొలుచుట, క్రాంకు సానపట్టుట, బ్రేకు డ్రమ్ములు లేతుమీద తీయుట పెద్ద యంత్రములు గలచోటనే జరుగవలెను. విడిభాగములకు విజయవాడ ఆటోనగరువంటి స్థలములు గలవు. కాని విప్పుట, కడుగుట, పరీక్షించుట, కొలుచుట, గ్రీజు పెట్టుట, మరల కూర్చుట రైతుబిడ్డ చేయగల పనులే. బండి మొత్తమును పట్టణపు షెడ్డునకు అప్పగించినవానికి రంగు కనబడును గాని రంగు క్రింద నేమి జరిగినదో తెలియదు. ఒక గ్రామమున మేము చూచిన జీపు అద్దమువలె మెరయుచున్నది. క్రింద పండుకొని చూడగా త్రుప్పు రేకుపై పుట్టీ పట్టించి నల్లరంగు పూసియున్నది. బ్రేకు గొట్టములు పాతవే. పైన పటారము, లోన లొటారమనుట అదియే గదా!

ఇక సొమ్ము సంగతి. ఒక పుస్తకములో మూడు వరుసలు గీయుడు. మొదటిది ప్రాణరక్షణకు: బ్రేకులు, స్టీరింగు, టైర్లు, దీపములు. రెండవది నడకకు: ఇంజను, గేర్లు, ఇరుసులు. మూడవది చూపునకు: రంగు, సీట్లు, కప్పు. మొదటి వరుస పూర్తికానిదే రెండవదానికిని, రెండవది పూర్తికానిదే మూడవదానికిని రూపాయి తీయరాదు. త్రుప్పును ఆపు అడుగుపూత మాత్రము మూడవ వరుసలోనిది గాదు. రేకు బాగుచేసిన దినముననే వేయవలెను. ఈ పద్ధతి వలన చేతి సొమ్ము నడుమ అయిపోయినను రంగులేని మంచిబండి మిగులును గాని, రంగుగల చెడ్డబండి మిగులదు.

పంట అప్పు పంటకే. ఎరువులకై తీసికొన్న అప్పును జీపు టైర్లకు త్రిప్పి, ఎరువులను దుకాణమున అరువు తెచ్చికొన్నవానికి రెండు వడ్డీలు. మూడు లక్షల వరకు గల స్వల్పకాలిక పంట అప్పును గడువులోపల చెల్లించువారికి ప్రభుత్వము నూటికి 3 వంతున వడ్డీలో తగ్గింపు ఇచ్చుచున్నది. గడువు తప్పినచో అదియు పోవును. మరుసటి పంటకు అప్పు పుట్టుటయు కష్టమగును. కౌలుదారునకు ఈ మాట మరియు ముఖ్యము. జీపు పది వేసవులు ఆగగలదు. నాట్లు పది దినములు ఆగవు.

“ఇంత శ్రమ యేల? తుక్కునకు అమ్మి క్రొత్తబండి కొనరాదా?” అని యడుగువారు కలరు. నిత్యము దూరప్రయాణములు చేయువారికి అది సరియైన మాటయే. పాతజీపులో క్రొత్తబండ్లలోని రక్షణసాధనములు లేవు, వేగమునకు అది తగదు. కాని ఊరిదారులలో నెలకు కొన్ని దినములు మాత్రమే బండితో పనిగలవానికి క్రొత్తబండి వాయిదాలు పెద్ద బరువు. అంతకంటె ముఖ్యమైన లాభమొకటి కలదు. జీపు విప్పి కూర్చిన యువకునకు ట్రాక్టరును, పంపుసెట్టును, నూర్పిడియంత్రమును చూచి బెదరు పోవును. కోతల నడుమ యంత్రము ఆగినపుడు మేస్త్రీ వచ్చువరకు ఆకాశము చూచుచు కూర్చుండనక్కర లేదు. కార్బురేటరును చెవితో విని సరిచేయగల పాతమేస్త్రీలు నేడు వృద్ధులైనారు. వారి ప్రక్కన ఒక వేసవి కూర్చుండి నేర్చినచో ఆ విద్య నిలుచును. లేనిచో వారితో పోవును.

ఇచ్చట సంఘము చేయదగిన పనియొకటి కలదు. ఒక చైను కప్పీ, నాలుగు ఇనుప స్టాండ్లు, బిగింపు కొలుచు పానా, ఒత్తిడి మీటరు, గ్రీజు గన్ను, బేరింగు ఊడదీయు సాధనము: ఇవి ఒక్కొక్క రైతు కొనదగినవి కావు, ఏడాదిలో నాలుగు దినములకు మించి వానితో పనియుండదు. సంఘము ఒకమారు కొని, గోదాములో ఒక మూల ఉంచి, కొద్దిపాటి అద్దెకు సభ్యులకు ఇచ్చినచో జీపులకే గాక ట్రాక్టర్లకును, స్ప్రేయర్ల ఇంజనులకును ఉపకరించును. వేసవిలో పదిదినములు ఒక పాతమేస్త్రీని పిలిపించి, అతనికి తగిన కూలి ఇచ్చి, యువకులకు పని చూపింపవచ్చును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తేవలసినదని సభ్యులను కోరుచున్నాము.

పాతజీపు ఇంటనున్న సభ్యులు ఈ వేసవిలో రంగుల దుకాణమునకు పోకముందు ఒక సుత్తి, ఒక టార్చిలైటు, ఒక గోనెపట్టా తీసికొని బండిక్రింద పండుకొని చూడవలెను. అచ్చట కనబడినదానిని పుస్తకమున వ్రాసికొని, బాగుచేయుటయో విడిచిపెట్టుటయో అప్పుడు నిర్ణయింపవలెను.